ఒకే ఒక్క ఆకాశం మీద పీ వాల్యూ 0.006 వస్తే నమ్మాలా, వద్దా?

కృష్ణాతీరం_23
ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు చేస్తున్నాను. ప్లాంక్ ఉపగ్రహం వాళ్ళు 2018లో విడుదల చేసిన సీఎంబీ (బిగ్ బ్యాంగ్ నుంచి మిగిలిన తొలి వెలుతురు) మ్యాపు తీసుకుని పవర్ స్పెక్ట్రమ్ గీశాను. ఎల్ 20 నుంచి 27 దాకా గ్రాఫు గుంట పడ్డట్టు కిందికి దిగింది. సిద్ధాంతం చెప్పే దానికన్నా సగటున 18 శాతం తక్కువ. మామూలు మోడల్‌తో 1000 నకిలీ ఆకాశాలు తయారుచేసి చూస్తే, ఆ ఎనిమిది ఎల్‌లలో అంత తక్కువ పవర్ వచ్చినవి 6 మాత్రమే. అంటే పీ వాల్యూ (నిజంగా ఏమీ లేకపోయినా అంత తేడా అనుకోకుండా వచ్చే అవకాశం) 0.006.

ఇన్‌ఫ్లేషన్‌ని (పుట్టిన తొలి క్షణంలో విశ్వం విపరీతంగా ఉబ్బడం) నడిపించే క్షేత్రం వాలులో దిగుతున్నప్పుడు మధ్యలో చిన్న మెట్టు తగిలితే ఇలాంటి గుంట వస్తుందని పేపర్లలో ఉంది. ఆ మెట్టు మోడల్ కూడా ఫిట్ చేశాను. కై స్క్వేర్ (మోడల్‌కీ డేటాకీ ఉన్న తేడా కొలత) 9 తగ్గింది. రెండు వారాలు సంతోషంతో సరిగ్గా నిద్రపోలేదు.

గైడ్ గారికి చూపిస్తే రెండు నిమిషాలు చూసి "ఇది లెక్కలోకి రాదు" అని పక్కన పెట్టేశారు. ఎందుకు రాదో చెప్పలేదు. 0.05 కన్నా తక్కువొస్తే చాలని డిగ్రీ నుంచీ నేర్పింది మేష్టార్లే కదా. నాది దానికన్నా ఎనిమిది రెట్లు తక్కువ. చాలా బాధగా ఉంది. తప్పెక్కడుందో ఎవరైనా చెప్పండి.

గోదారి_గట్టు
నేను కామర్స్ వాణ్ణి, ఆకాశమంటే ఇష్టం కొద్దీ ఇక్కడ చదువుతుంటాను. ఈ ఎల్ ఏమిటో ఒక్క ముక్కలో చెబితే మిగతాది కూడా చదువుతాను.

చుక్కల_పంతులు
గోదారి గారూ, బిగ్ బ్యాంగ్ తర్వాత 3,80,000 ఏళ్ళకి బయల్దేరిన వెలుతురు ఇవాళ ఆకాశం నిండా 2.725 కెల్విన్ల చలిగా ఉంది. దాంట్లో లక్షలో ఒక వంతు తేడాతో వెచ్చని మచ్చలు, చల్లని మచ్చలు ఉన్నాయి. ఏ సైజు మచ్చల్లో ఎంత తేడా ఉందో సైజుల వారీగా వేసిన పద్దే పవర్ స్పెక్ట్రమ్. 180ని ఎల్‌తో భాగిస్తే మచ్చ సైజు డిగ్రీల్లో వస్తుంది. ఎల్ 20 అంటే 9 డిగ్రీలు. చెయ్యి ముందుకు చాచి పిడికిలి బిగిస్తే ఆకాశంలో దాదాపు పది డిగ్రీలు మూస్తుంది. ఈ అమ్మాయో అబ్బాయో చెబుతున్న గుంట ఇంచుమించు పిడికిలంత మచ్చలది. మా పిల్లలకి మేడ మీద ఇలాగే చూపిస్తాను.

ఓరుగల్లు_కుర్రాడు
ఒక్కటే ప్రశ్న తమ్ముడూ. 20 నుంచి 27 అని ఎప్పుడు అనుకున్నావు? గ్రాఫు చూడకముందా, చూశాకా?

కృష్ణాతీరం_23
చూశాకే. గుంట అక్కడే ఉంది కదా మరి. తమ్ముడు కాదండీ, చెల్లెల్ని.

ఓరుగల్లు_కుర్రాడు
సారీ చెల్లెమ్మా. అయితే మీ గైడ్ గారు చెప్పకుండా వదిలేసింది ఇదే.

నాకు ఈ పాఠం ఆఫీసులో తగిలింది. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో డేటా పని చేసేవాణ్ణి. యాప్‌లో బటన్ రంగు మారిస్తే కొనేవాళ్ళు పెరుగుతారా అని టెస్టు. మొత్తంగా ఏ తేడా లేదు. మేనేజర్ ఊరుకోడు కదా, "ఊళ్ళవారీగా చూడు, వయసువారీగా చూడు, రోజువారీగా చూడు" అన్నాడు. చూడగా చూడగా మంగళవారం సాయంత్రాలు పాత ఫోన్లు వాడేవాళ్ళలో 0.01 దొరికింది. అందరం చప్పట్లు కొట్టాం. వచ్చే నెల మళ్ళీ అదే టెస్టు పెడితే ఏమీ లేదు. ఒక్కొక్కటీ 0.05 దగ్గర పెట్టి 20 వేర్వేరు పరీక్షలు చేస్తే, నిజంగా ఏమీ లేకపోయినా కనీసం ఒక్కటి తగిలే అవకాశం 64 శాతం. మన పెద్దవాళ్ళు కాకతాళీయం అన్నది దీన్నే. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి ఎన్ని చెట్ల మీద వాలిందో ఎవరూ లెక్కపెట్టలేదు.

లక్ష్మీ_పుణె
ఓరుగల్లు గారు సరైన చోట పట్టుకున్నారు. నాది ఈ పనే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. అమ్మా కృష్ణా, నువ్వు చేసిన పని దండగ కాదు, సగంలో ఆగింది, అంతే.

ముందు చేత్తో లెక్క. ఒక ఎల్‌కి ఆకాశంలో మనకి దొరికే స్వతంత్రమైన కొలతలు రెండు ఎల్ ప్లస్ ఒకటి. ఎల్ 2కి 5 మాత్రమే. 20 నుంచి 27 దాకా కూడితే 384. పవర్ సగటులో సహజంగా ఉండే ఊగిసలాట రెండుని 384తో భాగించి వర్గమూలం తీస్తే వస్తుంది, అంటే 7.2 శాతం. నీ గుంట 18 శాతం. భాగిస్తే 2.5 సిగ్మా (అంటే ఆ సహజ ఊగిసలాటకి రెండున్నర రెట్లు), పీ వాల్యూ 0.006. నీ 1000 సిమ్యులేషన్లు చెప్పింది అక్షరాలా ఇదే. అంత చక్కగా కుదరడం చూసే నాకు అనుమానం వచ్చింది. పాలపుంత దుమ్ము అడ్డం ఉంటుంది కాబట్టి ప్లాంక్ ఉష్ణోగ్రత మాస్కు వేశాక మిగిలేది సుమారు 78 శాతం ఆకాశం. నా లెక్క పూర్తి ఆకాశానిది. నీ సంఖ్య దానికి సరిపోయిందంటే, అసలు మ్యాపుకి మాస్కు వేసి సిమ్యులేషన్లకి వెయ్యడం మర్చిపోయావా?

ఇక రెండోది, "చూశాక ఎంచుకోవడం". ప్లాంక్‌కి ముందు పనిచేసిన డబ్ల్యూమ్యాప్ ఉపగ్రహం బృందం ఏడేళ్ళ డేటాతో పాటు, మ్యాపులో కనిపించే వింతల మీద ఒక పేపరు విడిగా రాసింది. ఆ మ్యాపులో ఇంగ్లీషు అక్షరాలు ఎస్, హెచ్ పక్కపక్కనే స్పష్టంగా కనిపిస్తాయని బొమ్మ వేసి చూపించారు. స్టీఫెన్ హాకింగ్ పేరులో మొదటి అక్షరాలు. ఆ రెండు అక్షరాలు సరిగ్గా ఆ సైజులో, ఆ చోట, అంత నిటారుగా రావడానికి సంభావ్యత కడితే ఊహకందనంత చిన్నది. కానీ అది చూశాక వేసిన ప్రశ్న. లక్షల మచ్చలున్న గోళంలో వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది.

కృష్ణాతీరం_23
అమ్మో. మీరు చెప్పింది నిజం. సిమ్యులేషన్లకి మాస్కు వెయ్యలేదు. స్క్రిప్టులో ఆ లైను కామెంటు చేసి ఉంది. ఏదో చెక్ చేసుకోవడానికి తీసేసి మళ్ళీ పెట్టలేదు. ఇప్పుడే మళ్ళీ రన్ పెట్టాను.

కానీ లక్ష్మి గారూ, ఈ గుంట నేనొక్కదాన్నే చూడలేదు కదా. డబ్ల్యూమ్యాప్‌లోనూ ఉంది, ప్లాంక్‌లోనూ ఉంది. రెండు వేర్వేరు ఉపగ్రహాలు. అది రుజువు కాదా?

లక్ష్మీ_పుణె
ఒకే పెళ్ళికి ఇద్దరు ఫోటోగ్రాఫర్లు వస్తే ఇద్దరి ఫోటోల్లోనూ పెళ్ళికొడుకు కళ్ళు మూసుకునే ఉన్నాడు అనుకో. కెమెరాలు బాగానే ఉన్నాయని తెలిసింది. అతను ఎప్పుడూ కళ్ళు మూసుకునే ఉంటాడని తెలియలేదు. రెండు ఉపగ్రహాలూ చూసింది ఒకే ఆకాశాన్ని. గుంట పరికరం తప్పు కాదని దాంతో రుజువైంది. అది ఆదిమ హెచ్చుతగ్గుల్లోనే ఉన్న నిజమైన ముద్రా, లేక ఈ ఒక్క ఆకాశానికి పడిన పాచికలా అన్నది అలాగే మిగిలింది.

గోదారి_గట్టు
ఇప్పుడు నా సందేహం ఇంకా పెద్దదైంది. ఉన్నదే ఒక్క విశ్వం. వెయ్యిలో ఆరు అంటే ఏ వెయ్యిలో? మనం మళ్ళీ ఇంకో విశ్వాన్ని చూడబోయేది ఉందా?

విశాఖ_స్టాట్స్
గోదారి గారూ, ఇదే అసలు ప్రశ్న. అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తాం. కుండంతా ఒకే సెగ మీద ఉడుకుతోందన్న నమ్మకం మీద ఆ పరీక్ష నిలబడుతుంది. విశ్వం విషయంలోనూ ఏ దిక్కు చూసినా హెచ్చుతగ్గుల లక్షణం ఒక్కటే అని అనుకుంటాం. చిన్న మచ్చలు లెక్కలేనన్ని, కాబట్టి ఎల్ 1000 దగ్గర చేతికి 2001 మెతుకులు వస్తాయి, ఊగిసలాట మూడు శాతమే. ఎల్ 2 దగ్గర ఐదు మెతుకులు, ఊగిసలాట 63 శాతం. ఎంత గొప్ప టెలిస్కోపు కట్టినా ఆ ఐదు ఆరు కావు. దీన్నే కాస్మిక్ వేరియన్స్ అంటారు. నలభై ఏళ్ళు స్టాటిస్టిక్స్ పాఠం చెప్పాను, శాంపిల్ సైజు పెంచండి అని చెప్పే వీలే లేని శాస్త్రం ఇదొక్కటే చూశాను.

అమ్మాయికి ఒక చిన్న మాట. 1000లో 6 అన్నావు. ఆ ఆరుకే రెండున్నర అటూ ఇటూ ఊగే గుణం ఉంది. 0.006 అని రాసేటప్పుడు అది కూడా పక్కన రాయి.

ఎదురుప్రశ్న
మీరంతా ఆ పిల్ల తప్పులు వెతుకుతున్నారు గానీ, అసలు తప్పు ఇన్‌ఫ్లేషన్‌ది అని నా అభిప్రాయం. గుంట ఉంటే మెట్టు మోడల్. గుంట లేకపోతే నున్నటి మోడల్. గురుత్వ తరంగాలు ఎక్కువ కనబడితే ఒకటి, తక్కువైతే ఇంకొకటి. ఏ డేటా వచ్చినా సరిపోయే మోడల్ అరలో రెడీగా ఉంటే, పరీక్ష దేనికి? 2017లో ఇజాస్, స్టైన్‌హార్ట్, లోబ్ అనే శాస్త్రవేత్తలు ఇదే మాట పత్రికలో రాస్తే 33 మంది పెద్దలు సంతకాలు పెట్టి ఖండించారు. సంతకాలతో సైన్సు నడుస్తుందా?

మంచుగడ్డ
ఎదురుప్రశ్న గారూ, "ఇన్‌ఫ్లేషన్" అనే మొత్తం గొడుగుని పరీక్షించడం కష్టం, ఒప్పుకుంటాను. కానీ గొడుగు కింద ఉన్న మోడళ్ళు ఒక్కొక్కటే చచ్చిపోతూనే ఉన్నాయి. నేను పీహెచ్‌డీలో చేరినప్పుడు అందరికీ ముద్దుబిడ్డ ఫై స్క్వేర్ మోడల్. ఇంతకన్నా సులువైన పొటెన్షియల్ (ఆ క్షేత్రం దిగే వాలు ఆకారం) ఉండదు. 60 ఈ-ఫోల్డులకి (ఒక్కో ఈ-ఫోల్డుకి విశ్వం సుమారు 2.7 రెట్లు ఉబ్బుతుంది) అది చెప్పే ఆర్ విలువ 0.13. అంటే ఆదిమ గురుత్వ తరంగాల బలం, సాంద్రత హెచ్చుతగ్గుల బలంలో 13 శాతం ఉండాలి. దక్షిణ ధ్రువం దగ్గరి బైసెప్, కెక్ టెలిస్కోపుల డేటాతో 2021లో వచ్చిన హద్దు 0.036. ఆ మోడల్ కథ అయిపోయింది. దాని మీద పేపర్లు రాసినవాళ్ళే ఒప్పుకున్నారు. ఇది పరీక్ష కాకపోతే ఇంకేమిటి?

చుక్కల_పంతులు
అలాగే హారిసన్, జెల్డోవిచ్ స్పెక్ట్రమ్. అన్ని సైజుల్లోనూ హెచ్చుతగ్గుల బలం సమానమైతే సైజు మారితే బలం ఎలా మారుతుందో చెప్పే ఎన్‌ఎస్ అనే సంఖ్య సరిగ్గా 1. ప్లాంక్ 2018 కొలత 0.9649 ± 0.0042. తేడా ఎనిమిది సిగ్మా దాటింది. ఇన్‌ఫ్లేషన్ మోడళ్ళలో చాలా వరకు 1 కన్నా కొంచెం తక్కువ ఉండాలని కొలతకి ముందే చెప్పాయి. ముందు చెప్పి తర్వాత కొలిచింది కాబట్టి దానికి విలువ. కృష్ణ గుంటకీ దీనికీ తేడా అదే.

ఎదురుప్రశ్న
ఎన్‌ఎస్ సంగతి ఒప్పుకుంటాను. ఆర్ సంగతి మాత్రం గుర్తు చెయ్యకండి, 2014 మార్చి గుర్తొస్తుంది.

మంచుగడ్డ
గుర్తు చెయ్యాల్సిందే, ఎందుకంటే దాంట్లో కృష్ణకి పనికొచ్చే రెండో పాఠం ఉంది. 2014 మార్చి 17న బైసెప్2 వాళ్ళు ఆర్ 0.2 అని ప్రకటించారు. ఆ సాయంత్రం మా ల్యాబులో ఎవరూ ఇంటికి పోలేదు. ఇన్‌ఫ్లేషన్ సిద్ధాంతాన్ని కట్టినవాళ్ళలో ఒకరైన లిండే గారి ఇంటి తలుపు కొట్టి కబురు చెప్పిన వీడియో అందరం పదిసార్లు చూశాం, ఆయన భార్య ఆనందంతో ఆ వచ్చినాయన్ని కౌగిలించుకోవడం చూసి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆర్ సున్నా అన్న మాటని ఐదు సిగ్మాలకి పైగా కొట్టేశారు. పీ వాల్యూ ప్రకారం అంతకన్నా గట్టి కేసు లేదు.

అయినా పోయింది. సంకేతం నిజమే, గాలివాటం కాదు. కానీ వచ్చింది ఆదిమ తరంగాల నుంచి కాదు, చాలావరకు మన పాలపుంత దుమ్ము నుంచి. వాళ్ళ ముఖ్య కొలత ఒకే ఫ్రీక్వెన్సీ, 150 గిగాహెర్ట్జ్. ప్లాంక్ 353 గిగాహెర్ట్జ్‌లో ఆ దుమ్ముని చూసింది. 2015 మొదట్లో రెండు బృందాలూ కలిసి చేసిన విశ్లేషణలో ఆర్ 0.12 కన్నా తక్కువ అన్న హద్దు మాత్రమే మిగిలింది. "ఇది నాయిసా?" అన్న ప్రశ్నకే సిగ్మా జవాబు చెబుతుంది. "ఇది నువ్వనుకున్నదేనా?" అన్నది వేరే ప్రశ్న. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ ఏడాది వచ్చిన పేపర్లు ఆర్ 0.2 ఖాయం అనుకుని ఎన్ని మోడళ్ళకి పేర్లు పెట్టాయో. వాటిలో నాదీ ఒకటి ఉంది. వెనక్కి తీసుకున్నాను.

కృష్ణాతీరం_23
మాస్కు వేసిన రన్ అయిపోయింది. 1000లో 6 కాస్తా 14 అయ్యాయి. 0.014. ఇంకా చిన్నదే కదా?

లక్ష్మీ_పుణె
చిన్నదే. ఆకాశం తగ్గితే ఊగిసలాట 8 శాతం పైకి పోతుంది, అదే 2.2 సిగ్మా. లెక్క కుదిరింది, శభాష్. ఇప్పుడు అసలు పని.

నువ్వు కన్నుతో వెతికావు. ఆ వెతుకులాటనే కంప్యూటర్‌తో చేయించు. ఎల్ 2 నుంచి 30 దాకా, మూడు నుంచి పన్నెండు ఎల్‌ల వెడల్పున్న కిటికీలు అన్నీ తీసుకో. లెక్కపెడితే 225 వస్తాయి. ప్రతి సిమ్యులేషన్‌లోనూ 225 కిటికీల్లో అన్నిటికన్నా వింతైన గుంట ఎక్కడుందో వెతికి దాని పీ వాల్యూ రాసుకో. ఒక్కో నకిలీ ఆకాశానికీ దాని సొంత "గొప్ప గుంట" దొరుకుతుంది. వాటిలో ఎన్నింటికి నీ 0.014 కన్నా చిన్నది వచ్చిందో చూడు. అదే నీ అసలు పీ వాల్యూ. కిటికీలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి కాబట్టి 225తో గుణించెయ్యకు, అది మరీ అన్యాయం. సిమ్యులేషనే న్యాయం చెబుతుంది.

విశాఖ_స్టాట్స్
అది నడిచే లోపల మెట్టు మోడల్ సంగతి. కై స్క్వేర్ 9 తగ్గిందన్నావు. మెట్టు ఎక్కడ, ఎంత ఎత్తు, ఎంత వెడల్పు, మూడు కొత్త పరామితులు పెట్టావు. మూడు తాళంచెవులిస్తే తలుపు కాస్తయినా తెరుచుకుంటుంది. పైగా మెట్టు ఎత్తు సున్నా అయితే మిగతా రెంటికీ అర్థమే లేదు, కాబట్టి మామూలు కై స్క్వేర్ పట్టిక కూడా ఇక్కడ పనికిరాదు.

నేను బేయస్ వాణ్ణి. ఇలా ఆలోచిస్తాను. సాదా మోడల్‌లో ఒక పరామితి సున్నా. కొత్త మోడల్‌లో అది కొలత దోషానికి వంద రెట్లు వెడల్పున్న మైదానంలో ఎక్కడైనా ఉండొచ్చు. డేటా సున్నాకి మూడు సిగ్మా దూరంలో పడింది. పీ వాల్యూ 0.003, పండగే. కానీ ఎవిడెన్స్ నిష్పత్తి (ఏ మోడల్ ఈ డేటాని ఎంత బాగా ఊహించిందన్న పోలిక) కట్టి చూస్తే కొత్త మోడల్ వైపు మొగ్గు 2.3 రెట్లు మాత్రమే. మైదానం వెయ్యి రెట్లు అంటే, అదే డేటాకి తీర్పు తిరగబడి సాదా మోడల్ వైపే 4.4 రెట్లు మొగ్గుతుంది. ఎక్కడైనా ఉండొచ్చని చెప్పిన మోడల్, ఎక్కడ ఉంటుందో ముందు చెప్పలేకపోయినందుకు జరిమానా కడుతుంది. 1957లో లిండ్లీ దీన్ని గట్టిగా ఎత్తిచూపారు. ప్లాంక్ 2018 ఇన్‌ఫ్లేషన్ పేపరులోనూ మెట్లు, అలలు ఉన్న మోడళ్ళతో కై స్క్వేర్ తగ్గింది గానీ, ఎవిడెన్స్ వాటి వైపు మొగ్గలేదు.

ఎదురుప్రశ్న
ఇదిగో, ఇక్కడే నాకు మండుతుంది. మైదానం వెడల్పు ఎవరు నిర్ణయిస్తారు? మీరే. వంద అంటే ఒక తీర్పు, వెయ్యి అంటే ఇంకో తీర్పు. జడ్జీ గారి ఇష్టం అన్నట్టుంది.

విశాఖ_స్టాట్స్
కోప్పడకండి, మీరడిగింది న్యాయమే. మూడు సిగ్మా దగ్గర నిజంగానే మైదానం తీర్పుని మార్చేస్తుంది. అలా మారుతోందంటే డేటా ఇంకా బలహీనంగా ఉందని నేను అర్థం చేసుకుంటాను. పంతులు గారు చెప్పిన ఎన్‌ఎస్ చూడండి. ఎనిమిది సిగ్మా. అక్కడ మైదానాన్ని వంద రెట్లు సాగదీసినా తీర్పు చెక్కుచెదరదు. నేను పిల్లలకి ఎప్పుడూ రెండు మూడు వెడల్పులతో లెక్కకట్టి అన్నీ రాయమంటాను. ఒక్కటే రాసి మిగతావి దాచేవాడికి మార్కులు వెయ్యను.

ఓరుగల్లు_కుర్రాడు
మాస్టారూ, మీ క్లాసులో చదివి ఉంటే ఆ మంగళవారం బటన్ గొడవ తప్పేది.

చుక్కల_పంతులు
విశాఖ గారు తన గురించి తాను చెప్పుకోరు గానీ, మన గురించి మనం చెప్పుకోవలసింది ఒకటుంది. సి.ఆర్. రావు గారు ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదువుకున్నాయన. 1945లో, పాతికేళ్ళు కూడా దాటకుండా, కలకత్తాలో ఒక పేపరు రాశారు. ఉన్న డేటా నుంచి ఒక పరామితిని ఎంత సూక్ష్మంగా కొలవొచ్చో, అంతకన్నా సూక్ష్మంగా ఎవరూ కొలవలేని హద్దు ఏదో అందులో ఉంది. క్రామర్-రావు హద్దు. ఇవాళ ఏ కొత్త టెలిస్కోపుకి డబ్బు అడగాలన్నా ముందు ఫిషర్ మ్యాట్రిక్స్ (డేటాలో ఎంత సమాచారం ఉందో చెప్పే పట్టిక) పెట్టి "మా పరికరం ఆర్‌ని ఇంత దోషంతో కొలుస్తుంది" అని ఆ హద్దు మీదే లెక్క చూపిస్తారు. 2023లో 102 ఏళ్ళ వయసులో పోయారు. ఆ ఏడాదే ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్నారు.

మంచుగడ్డ
ఇంకా దగ్గరి సంబంధం ఉంది పంతులు గారూ. కృష్ణ పనిచేస్తున్న చిన్న ఎల్‌ల దగ్గరే. అక్కడ ఊగిసలాట గంట ఆకారంలో ఉండదు, ఒక పక్కకి సాగుతుంది. ఐదు మెతుకుల లెక్క కదా. అందుకని ప్లాంక్ వాళ్ళు ఎల్ 30కి లోపల ఉష్ణోగ్రత లైక్‌లీహుడ్‌ని (ఒక మోడల్ నిజమైతే ఈ డేటా వచ్చే అవకాశాన్ని) వేరే దారిలో కట్టారు. గిబ్స్ శాంప్లింగ్‌తో డేటాకి సరిపడే ఆకాశాలు యాదృచ్ఛికంగా తీసి, బ్లాక్‌వెల్-రావు ఎస్టిమేటర్‌తో కలిపారు. ఆ రావు ఈ రావు గారే. దాని మూలం కూడా 1945 పేపరే. రోజూ కోడులో ఆ పేరు టైప్ చేసేవాణ్ణి, ఆయన చదువు విశాఖలోనని తెలిసిన రోజు ఇంటికి ఫోన్ చేసి చెప్పాను.

విశాఖ_స్టాట్స్
చాలా సంతోషం బాబూ. ఈ సంగతి నాకు తెలియదు. రేపు మా పాత విద్యార్థులందరికీ పంపిస్తాను.

గోదారి_గట్టు
కామర్స్ వాణ్ణయినా ఛాతీ ఉప్పొంగింది. ఇంతకీ కృష్ణమ్మ రన్ ఏమైంది?

కృష్ణాతీరం_23
రాత్రంతా నడిచింది. 225 కిటికీలు, 1000 ఆకాశాలు. 187 ఆకాశాల్లో నా గుంటంత వింతది గానీ, ఇంకా వింతది గానీ ఎక్కడో ఒకచోట ఉంది. అంటే 0.19.

ఒక నకిలీ ఆకాశం గ్రాఫు తెరిచి చూశాను. నంబరు 412. ఎల్ 11 నుంచి 15 దాకా నాదానికన్నా లోతైన గుంట. దాంట్లో మెట్టు లేదు, ఏమీ లేదు, ఆ కోడు నేనే రాశాను. అయినా అచ్చం నా గ్రాఫులాగే ఉంది. దాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. గైడ్ గారి మీద కోపం పోయింది. ఈ ఒక్క గ్రాఫు చూపించి ఉంటే ఆ రోజే అర్థమయ్యేది.

ఓరుగల్లు_కుర్రాడు
412ని ప్రింటు తీసి గోడకి అంటించుకో చెల్లెమ్మా. నేను ఆ మంగళవారం గ్రాఫు అంటించుకున్నాను.

లక్ష్మీ_పుణె
చాలా బాగా చేశావు. ప్రాజెక్టు రిపోర్టులో 0.006 నుంచి 0.19 దాకా ఎలా వచ్చావో వరుసగా రాయి, మాస్కు మర్చిపోయిన సంగతితో సహా. నేనైతే "గుంట దొరికింది" అన్న రిపోర్టుకన్నా దానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

దీనర్థం గుంట అబద్ధమని కూడా కాదు. ఇంత డేటాతో తేల్చలేం, అంతే. మోడల్ ఏదీ ముందు అనుకోకుండా, కొలిచిన స్పెక్ట్రమ్ నుంచి వెనక్కి నడిచి ఆదిమ స్పెక్ట్రమ్‌ని తవ్వితీసే దారి కూడా ఉంది. మా పుణె ఖగోళ పరిశోధన కేంద్రం ఐయూకాలో ఆర్మన్ షఫీలూ, తరుణ్ సౌరదీప్ 2004లో డబ్ల్యూమ్యాప్ డేటా మీద రిచర్డ్‌సన్-లూసీ పద్ధతితో చేశారు. ఫోటోలో మసక తియ్యడానికి ఖగోళంలో వాడే పద్ధతే. ఆ దారిలో వెళ్ళినా ఊగిసలాట అంతా గుంటలు, గుట్టలుగా బయటికొస్తుంది, కాబట్టి సిమ్యులేషన్లతో సరిచూసుకునే బాధ్యత ఎక్కడా తప్పదు.

మంచుగడ్డ
ఇలాంటివి పోయిన దాఖలాలు ఉన్నాయి కృష్ణా, దిగులుపడకు. 2007 చివర్లో డబ్ల్యూమ్యాప్ మూడేళ్ళ డేటాలో ఎఫ్‌ఎన్‌ఎల్ (హెచ్చుతగ్గులు గంట ఆకారానికి, అంటే గాసియన్‌కి, ఎంత దూరమో చెప్పే సంఖ్య) 27కీ 147కీ మధ్య ఉందని, సున్నా కాదని 99.5 శాతం నమ్మకంతో పేపరు వచ్చింది. హెచ్చుతగ్గులు గాసియన్ కావు అంటే సింగిల్ ఫీల్డ్ ఇన్‌ఫ్లేషన్‌కి చావుదెబ్బే. ప్లాంక్ 2018లో తేలింది మైనస్ 0.9 ± 5.1. సున్నాకి అతుక్కుపోయింది. ఆ పేపరు రాసినవాళ్ళు జాగ్రత్తగానే చేశారు. మూడు సిగ్మాలోపు సంగతులు అలా కరిగిపోతూ ఉంటాయి.

ఎదురుప్రశ్న
మరి 2025లో సీఎంబీని చూసే ఆక్ట్ టెలిస్కోపు చెప్పింది కరిగిపోతుందా, నిలబడుతుందా? ప్లాంక్‌తో, గెలాక్సీలని కొలిచే డెజీతో కలిపితే ఎన్‌ఎస్ 0.974 అంటున్నారు. అందరూ నెత్తిన పెట్టుకున్న స్టారోబిన్‌స్కీ ఇన్‌ఫ్లేషన్ మోడల్ 60 ఈ-ఫోల్డులకి 0.967 దగ్గర ఆగుతుంది. రెండు సిగ్మా దూరం. నేను దీని మీద ఆశ పెట్టుకున్నాను.

లక్ష్మీ_పుణె
ఇది వేరే తరహా సమస్య. ప్లాంక్, ఆక్ట్ రెండే కలిపితే ఎన్‌ఎస్ 0.971. డెజీ గెలాక్సీల కొలత కలిపాక 0.974కి జరిగింది. సీఎంబీకీ డెజీకీ ఇప్పటికే చిన్న విభేదం ఉంది. రెండు పద్దులు ఒకదానితో ఒకటి సరిపడనప్పుడు కలిపి సగటు తీస్తే దోషం చిన్నదిగా కనిపిస్తుంది, నమ్మకం మాత్రం పెరగదు. ముందు ఆ విభేదం ఎక్కడిదో తేలాలి. స్టారోబిన్‌స్కీ మోడల్ పోతే పోనివ్వండి, దానికి నా దగ్గర ప్రత్యేకమైన ప్రేమ లేదు. రెండు సిగ్మాతో మాత్రం పంపించను.

ఎదురుప్రశ్న
సరే. ఇంకో రెండేళ్ళాగి ఇదే థ్రెడ్డులో మళ్ళీ అడుగుతాను.

కృష్ణాతీరం_23
నా గుంట గురించి ఒక్క ఆఖరి ప్రశ్న. ఇదే ఆకాశంలో, నేను ఇంకా చూడని డేటా ఏదైనా మిగిలి ఉందా? ఈసారి ముందే చెప్పి చూస్తాను.

లక్ష్మీ_పుణె
పోలరైజేషన్ (ఆ వెలుతురు తరంగాలు ఏ దిశలో ఊగుతున్నాయో) ఉంది. గుంట నిజంగా ఆదిమ స్పెక్ట్రమ్‌లోదైతే ఈ-మోడ్‌లోనూ (పోలరైజేషన్‌లో ఒక రకం నమూనా) దాని జాడ ఉండాలి, ఎల్ కొంచెం పక్కకి జరిగి. ఉష్ణోగ్రతతో దానికి సంబంధం ఉంది గానీ పూర్తిగా కాదు, కాబట్టి చాలావరకు కొత్త సాక్ష్యమే. చిక్కేమిటంటే ఆ ఎల్‌ల దగ్గర ఈ-మోడ్ సంకేతం చాలా చిన్నది, ప్లాంక్ నాయిస్ దాన్ని మింగేస్తుంది. జపాన్ వాళ్ళ లైట్‌బర్డ్ ఉపగ్రహం ఎగిరితే కాస్మిక్ వేరియన్స్ హద్దు దాకా కొలుస్తుంది. అది ఎగరడానికి ఇంకా ఏళ్ళు పడుతుంది. అప్పటిదాకా మెట్టు మోడల్‌తో ఈ-మోడ్‌లో ఏ ఎల్ నుంచి ఏ ఎల్ దాకా ఎంత తగ్గాలో లెక్కకట్టు.

కృష్ణాతీరం_23
లెక్క మొదలుపెట్టాను. కిటికీ, ఎంత తగ్గాలి, ఏ గణాంకం వాడతాను, ఎంత వస్తే ఓడిపోయానని ఒప్పుకుంటాను, నాలుగూ ఒక ఫైల్లో రాసి గైడ్ గారికి మెయిల్ చేస్తాను. ఇక మార్చను.

విశాఖ_స్టాట్స్
ఫైలు పేరులో తేదీ పెట్టమ్మా.

కృష్ణాతీరం_23
పెట్టాను మాస్టారూ.